చూడబోయిందొకటి, చూసిందొకటి: భద్రాద్రి సరిహద్దు యాత్రల నిరాశపై ఒక సమీక్ష

భద్రాచలం, పర్ణశాల, పాపికొండలు, కిన్నెరసాని, బొగత. ఖమ్మం దాటి గోదావరి వైపు బయల్దేరే యాత్రికుల జాబితాలో ఈ పేర్లు దాదాపు ఎప్పుడూ ఉంటాయి. తిరిగొచ్చాక చాలామంది నోట వినిపించే మాట మాత్రం ‘ఇంతేనా?’ గుడి అనుకున్నంత పెద్దది కాదని, పర్ణశాలలో సిమెంటు బొమ్మలు తప్ప ఏమీ లేవని, సినిమాలో చూసిన గోదావరి ఎక్కడా కనబడలేదని, జలపాతం అన్నారు గానీ సన్నటి ధారే ఉందని చెప్పుకుంటారు. దీనికి వచ్చే జవాబులూ ఏళ్ల తరబడి మారలేదు. భక్తి ఉన్నవాడికే కనబడుతుందని కొందరంటారు. వసతులు లేకపోవడమే అసలు లోపమని వ్యాపారులంటారు. నిధులొస్తే రూపురేఖలు మారిపోతాయని అధికారులంటారు. పోలవరం ఆనకట్టే అన్నిటికీ మూలమని మరికొందరు. ఒక్కో మాటలో ఎంతో కొంత నిజం ఉంది. చిక్కేమిటంటే, ఇవన్నీ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. ఇరుకు గది ఇచ్చినందుకు కలిగే కోపం, ఊహించుకున్న అడవి కనబడనందుకు కలిగే దిగులు, నది తీరే మారిపోయినందుకు కలిగే బాధ వేర్వేరు సంగతులు. వాటిని ఒకే గాటన కట్టేయడం వల్లే చర్చ ఇంతకాలంగా ముడిపడి ఉంది. ఆ ముడి విప్పి చూస్తే నాకు తోచేది ఇది: ఈ సరిహద్దులో యాత్రికుల నిరాశకు పెద్ద కారణం ఆ చోట్ల గురించి ముందే ఇచ్చేసిన మాట. ఆ మాటను నిజం చేసి చూపించాలని కట్టే కట్టడాలు నిరాశను తగ్గించడం లేదు, తర్వాత వచ్చేవాళ్ల నిరాశకు పునాది వేస్తున్నాయి.

ఊహ ఎలా పేరుకుంది

భద్రాచలం తెలుగువాళ్లకు కంటికంటే ముందు చెవిని చేరింది. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారు అయ్యాడు. వసూలైన శిస్తు సొమ్ముతో రాముడికి గుడి కట్టించి నగలు చేయించాడు. గోల్కొండ నవాబు తానీషా, అంటే 1672లో గద్దెనెక్కిన అబుల్ హసన్ కుతుబ్ షా, అతణ్ని పన్నెండేళ్లు చెరలో పెట్టాడని ప్రసిద్ధ కథ. చెరసాలలో కట్టినవిగా చెప్పే కీర్తనలు ఇంటింటా వినబడ్డాయి. సీతమ్మకు చేయించిన చింతాకు పతకం, రాముడి కలికితురాయి ఏ తెలుగు పిల్లవాడికీ కొత్త పేర్లు కావు. గుడి కంటే ముందు గుడి ఖర్చు తెలిసిపోయింది. అంత సొమ్ముతో, అంత శిక్ష భరించి కట్టించిన గుడి ఎంత ఉండాలో విన్నవాళ్లు తమ మనసులో తామే కట్టుకున్నారు. తమిళనాడు ఆలయాల గోపురాలు చూసొచ్చినవాళ్లు భద్రగిరి ఎక్కితే అది చిన్న గుట్ట. గుడి ఘనత దాని కొలతల్లో లేదు. నాలుగు చేతుల్లో శంఖచక్రాలూ విల్లంబులూ ధరించి, ఎడమ తొడపై సీతమ్మను కూర్చోబెట్టుకున్న వైకుంఠరాముడి మూర్తి అపురూపమైనది. ఆ విగ్రహాలను తొలుత కనుగొన్నది పోకల దమ్మక్క అనే అడవిబిడ్డ అన్న కథలోనూ గుడి ఘనత ఉంది. ఈ రెండూ తెలిసి వెళ్లేవాళ్లకూ తెలియక వెళ్లేవాళ్లకూ ఒకే దర్శనం రెండు రకాలుగా అనుభవంలోకి వస్తుంది.

చెవితో ఏర్పడిన ఊహకు సినిమా కళ్లిచ్చింది. 1973లో బాపు తీసిన ‘అందాల రాముడు’, 2006లో శేఖర్ కమ్ముల తీసిన ‘గోదావరి’ రెండింటిలోనూ కథ పడవ మీదే సాగుతుంది, గమ్యం భద్రాచలమే. ఒకప్పుడు రాజమండ్రి నుంచి లాంచీలు ఎదురెక్కి భద్రాచలం చేరిన మాట నిజం. రోడ్లు పెరిగాక, ముఖ్యంగా 1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన వచ్చాక, ఆ ప్రయాణం అవసరం తీరిపోయింది. అంతకుముందు నది దాటడమే యాత్రలో సగం. తర్వాత నది వంతెన మీంచి చూసి దాటిపోయే దృశ్యమైంది. ఇవాళ దొరికే పాపికొండల విహారం ఎక్కువగా ఒక్క పూట సాగి, ఎక్కిన రేవుకే తిరిగొచ్చేది. తెర మీది రాత్రింబవళ్ల పడవ ప్రయాణాన్ని మనసులో పెట్టుకుని వచ్చేవాళ్లకు ఈ తేడా టికెట్ కొన్నాక గానీ తెలియదు.

రైలు పేరు కూడా ఈ ఊహలో పాలు పంచుకుంది. ‘భద్రాచలం రోడ్’ అని టికెట్ కొన్నవాళ్లు దిగేది కొత్తగూడెంలో. రాముడు అక్కడికి ఇంకో 40 కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. ఆపైన పాలనా సరిహద్దుల గజిబిజి ఉంది. భద్రాచలం ప్రాంతం తూర్పు గోదావరి జిల్లా నుంచి 1959లో ఖమ్మంలో కలిసింది. 2014 విభజనలో పోలవరం ముంపు పేరుతో కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుకునూరు, వేలేరుపాడు మండలాలు పూర్తిగా, భద్రాచలం, బూర్గంపాడు మండలాల్లో కొంత భాగం ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. ఫలితంగా గుడి ఒక రాష్ట్రంలో, జటాయువు నేలకూలిన చోటని చెప్పే ఎటపాక, ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరే గుండాల, పడవెక్కే పోచవరం మరో రాష్ట్రంలో ఉన్నాయి. ‘భద్రాచలం పరిసరాలు’ అని అందరూ ఒకే ఊపిరిలో చెప్పే చోట్లకు బాధ్యత పడే ప్రభుత్వాలు మాత్రం రెండు.

నిరాశను అర్థం చేసుకున్న పక్షాలు

ఈ విషయంపై వచ్చిన ఆలోచనల్లో మొదటిది లెక్కల పక్షం. 1980లో రిచర్డ్ ఆలివర్ అనే అమెరికన్ పరిశోధకుడు సంతృప్తిని ఆశించినదానికీ అందినదానికీ మధ్య తేడాగా వివరించాడు. అందింది ఎక్కువైతే ఆనందం, తక్కువైతే అసంతృప్తి. పర్యాటక శాఖలు, హోటళ్లు, దేవస్థానాలు తెలిసో తెలియకో ఈ సూత్రం మీదే నడుస్తాయి. ఫిర్యాదు వస్తే గదులు పెంచుతాయి, మరుగుదొడ్లు కడతాయి, క్యూలైన్లకు నీడ వేస్తాయి. భద్రాచలం అభివృద్ధికి 100 కోట్ల రూపాయలిస్తామని తెలంగాణ ఏర్పడ్డ తొలినాళ్లలో వచ్చిన హామీ, కేంద్రం ‘ప్రసాద్’ పథకం కింద సుమారు 41 కోట్ల రూపాయల పనులకు 2022 డిసెంబర్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము వేసిన శంకుస్థాపన ఈ కోవలోవే. వసతుల మాట దగ్గర ఈ పక్షాన్ని తప్పుపట్టడానికి లేదు. చంటిపిల్లతో వచ్చిన తల్లికి మరుగుదొడ్డి కావాలి, ఎవరి తత్వమూ దానికి బదులు కాదు. కానీ ఆశ ఎక్కడినుంచి వస్తుందో ఈ పక్షం అడగదు. ఆశను ఉన్నదున్నట్టు తీసుకుని అందేదాన్ని పెంచడమే దారి అనుకుంటుంది.

రెండోది బొమ్మల పక్షం. 1960ల మొదట్లో చరిత్రకారుడు డేనియల్ బూర్‌స్టిన్, ఆధునిక పర్యాటకుడు చోటును చూడ్డానికి వెళ్లడం లేదని, ముందే చూసిన బొమ్మతో చోటు సరిపోయిందో లేదో చూసుకోవడానికి వెళ్తున్నాడని విమర్శించాడు. 1990లో జాన్ యూరీ అనే సామాజిక శాస్త్రవేత్త ఆ చూపుకే చరిత్ర రాశాడు: ఏది చూడదగ్గదో, ఎలా చూడాలో యాత్రికుడికి ముందే ఎవరో నేర్పి ఉంటారు. పారిస్ వెళ్లిన కొందరు జపాన్ యాత్రికుల్లో ఊహకూ ఊరికీ పొత్తు కుదరక మానసిక కలత కనబడుతోందని అక్కడ పనిచేసిన హిరోవాకి ఓతా అనే జపాన్ వైద్యుడు గుర్తించడం ఈ ధోరణికి చివరి అంచు. మన దగ్గర బొగతను ‘తెలంగాణ నయాగరా’ అనడం దీనికి సరైన ఉదాహరణ. వాజేడు అడవిలో వాన పడ్డాక రాళ్ల మీంచి విశాలంగా దూకే ఆ వాగుకు సొంత అందం ఉంది. ఏడాది పొడవునా పారే పెద్ద నది జలపాతం పేరు దాని నెత్తిన పెట్టగానే ఎండాకాలంలో వెళ్లినవాళ్లకు అది మోసంలా కనిపిస్తుంది. వాగు ఏ తప్పూ చేయలేదు.

మూడోది కంటి పక్షం. చూసేవాడి మనసును బట్టే చోటు అంటుంది. భక్తుల్లో, సాహిత్యాభిమానుల్లో దీనికి బలం ఎక్కువ. విశ్వనాథ సత్యనారాయణ ‘కిన్నెరసాని పాటలు’ చదివినవాళ్లకు పాల్వంచ దగ్గరి ఆ ఏరు ఒక స్త్రీ కథ. చదవనివాళ్లకు జింకల పార్కు పక్కన జలాశయం. ఈ వాదంలో లోతు ఉంది గానీ ఒక ప్రమాదమూ ఉంది. తప్పంతా యాత్రికుడి మీదికి నెట్టేయడానికి ఇది సులువైన దారి. కూలిడబ్బులు కూడబెట్టుకుని ఏడాదికొక్కసారి కుటుంబంతో బయల్దేరే మనిషిని ‘నీకు చూసే కన్ను లేదు’ అనడం న్యాయం కాదు. పుస్తకం చదివే తీరిక లేనివాడికి ఆ చోటు గురించి ఎవరు చెప్పాలి అన్నదే అడగాల్సిన ప్రశ్న.

నాలుగోదాన్ని పక్షం అనడం కంటే ఆ చోట ఉండేవాళ్ల మాట అనాలి. కోయలకు, కొండరెడ్లకు, పడవ సరంగులకు, సారపాక కాగితపు మిల్లు కార్మికులకు ఇది చూసే చోటు కాదు, బతికే చోటు. మొదటి పక్షం కొరతను చూస్తుంది, రెండోది బొమ్మను, మూడోది మనసును. ఈ మూడింటికీ మధ్యలో యాత్రికుడే ఉన్నాడు. నాలుగోది మాత్రం, ‘మీరు నిరాశపడ్డారు సరే, మీరు వచ్చి వెళ్లాక మాకేం మిగిలింది?’ అని అడుగుతుంది. చర్చల్లో అన్నిటికంటే తక్కువ వినబడిందీ ఇదే.

పర్ణశాల: ఊహకు సిమెంటు పోస్తే

ఈ పక్షాలను పరీక్షించడానికి పర్ణశాలను మించిన చోటు లేదు. భద్రాచలానికి సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, దుమ్ముగూడెం మండలంలో, గోదావరి ఒడ్డున ఉన్న ఊరది. సీతాపహరణం ఇక్కడే జరిగిందని స్థలపురాణం. పక్కనే పారే వాగును సీతవాగు అంటారు. ఒడ్డున బండ మీద కనిపించే చారలు సీతమ్మ నారచీరలు ఆరేసుకున్న గుర్తులని చెబుతారు. ఎరుపు, పసుపు రంగు ఇచ్చే రాళ్లను ఆమె పసుపు కుంకుమలుగా చూపిస్తారు. ఇంతవరకూ ఆ చోటుకున్నది చాలా సున్నితమైన సంపద: ఒక వాగు, ఒక బండ, కొన్ని రంగు రాళ్లు, వాటిని చూపిస్తూ చెప్పే మనిషి గొంతు. ఆ గొంతు ఉంటే బండ మీది చార కూడా కథ అవుతుంది. లేకపోతే అది ఉత్త రాయే. ఇది చాలదనుకున్నారు. బంగారు లేడి, భిక్షువు వేషంలో రావణుడు, కుటీరం ముందు సీత, అన్నీ రంగులేసిన బొమ్మలై నిలబడ్డాయి. వచ్చినవాళ్లు వాటి ముందు ఫొటో దిగుతారు, వాగు దాకా వెళ్లకుండానే కొందరు తిరుగుముఖం పడతారు, ‘బొమ్మలు తప్ప ఏమీ లేవు’ అంటారు. ఆ ఫిర్యాదు విని ఇంకొన్ని బొమ్మలు పెడితే నిరాశ ఎక్కడ తగ్గుతుంది? 1976లో డీన్ మెక్‌కానెల్ అనే సామాజిక శాస్త్రవేత్త, యాత్రికులు అసలైనదాన్ని వెతుక్కుంటూ వస్తారని, వాళ్ల కోసం అసలైనదనిపించే ఒక రంగస్థలాన్ని కట్టి చూపిస్తారని రాశాడు. పర్ణశాలలో ఆ రంగస్థలం అసలైనది అనిపించే ప్రయత్నం కూడా చేయదు. అసలు చోటును అడ్డంగా కప్పేస్తుంది, అంతే.

పర్ణశాల మీద ఇంకో అభ్యంతరం ఉంది: ‘అసలు పంచవటి నాసిక్‌లో ఉందిగా, ఇది నిజమేనా?’ గోదావరి ఒడ్డునే, ఎగువన ఎంతో దూరంలో ఉన్న నాసిక్ పంచవటి కూడా సీతాపహరణ స్థలమే. జటాయువు విషయంలోనూ ఇంతే: ఎటపాక, రాయలసీమలోని లేపాక్షి, కేరళలోని చడయమంగళం మూడూ ఆ పక్షి తమ నేల మీదే కూలిందంటాయి. చరిత్ర ఆధారాలతో ఈ పోటీ తేలేది కాదు. తేలనవసరమూ లేదని నా అభిప్రాయం. రామాయణాన్ని ప్రతి ప్రాంతమూ తన వాగులోకి, తన గుట్టలోకి దించుకుంది. దుమ్ముగూడెం కోయపల్లెల మధ్య సీతమ్మ ఆరేసిన నారచీర ఉండటమే ఇక్కడి విశేషం. ‘ఇదే నిజమైన చోటు’ అని బోర్డు పెట్టిన రోజు నుంచే యాత్రికుడు తగవు తీర్చేవాడై వస్తాడు. ‘ఈ ప్రాంతం ఇలా చెప్పుకుంటుంది’ అని చెబితే వినేవాడై వస్తాడు. ఆ రెండో మాట చెప్పడానికి పెద్ద ఖర్చేమీ లేదు.

పాపికొండలు: నది మారింది

పాపికొండల దగ్గర సమస్య తీరు వేరు. ఇక్కడ ఊహ అబద్ధం కాదు. గోదావరి రెండు కొండల నడుమ ఇరుకై, వంపు తిరిగి, ముందు దారి లేదనిపించి మళ్లీ తెరుచుకునే ఆ చోటు మన దేశపు నదీ దృశ్యాల్లో గొప్పది. 1978లో అభయారణ్యంగా, 2008లో సుమారు వెయ్యి చదరపు కిలోమీటర్ల జాతీయ ఉద్యానంగా గుర్తింపు పొందిన అడవి దాన్ని ఆనుకుని ఉంది. పేరంటాలపల్లిలో బాలానందస్వామి ఆశ్రమం, దాని పక్కన కొండరెడ్లు వెదురుతో చేసి అమ్మే పూలు, బొమ్మలు చాలామందికి ఆ ప్రయాణంలో గుర్తుండిపోయేవి. నిరాశ వస్తున్నది దారి గురించి, కాలం గురించి చెప్పకపోవడం వల్ల. ‘భద్రాచలం నుంచి పాపికొండలు’ అని టికెట్ కొన్నవాళ్లు పడవెక్కాలంటే ముందు కూనవరం మీదుగా పోచవరం దాకా సుమారు 70 కిలోమీటర్లు రోడ్డు మీద వెళ్లాలి. వానాకాలం వరదలో పడవలు ఆగిపోతాయి. ఎండాకాలంలో ఇసుకమేటలు కనబడే నది వేరు, కార్తీకంలో నిండుగా పారే నది వేరు. ఏ నెలలో వెళ్తే ఏ నది కనబడుతుందో చెప్పని ప్రకటన యాత్రికుడికి అన్యాయమే చేస్తుంది.

ఈ అన్యాయం ఒక్కోసారి అసంతృప్తితో ఆగదు. 2019 సెప్టెంబర్ 15న, నది వరద మీద ఉన్న రోజున, గండిపోచమ్మ గుడి వైపు నుంచి బయల్దేరిన ‘రాయల్ వశిష్ఠ’ పడవ కచ్చులూరు దగ్గర మునిగింది. సుమారు 50 మంది ప్రాణాలు పోయాయి. అంతకు ముందు ఏడాది మే నెలలో మంటూరు దగ్గర లాంచీ మునిగి మరికొందరు చనిపోయారు. కచ్చులూరు తర్వాత రెండేళ్లకు పైగా విహారాలు ఆగి, కంట్రోల్ రూములు, లైసెన్సుల కట్టుబాట్లతో 2021 నవంబర్‌లో మళ్లీ మొదలయ్యాయి. ‘నది ఇవాళ ఎక్కనివ్వదు’ అన్న మాటను నిరాశపరిచే మాటగా చూసినంతకాలం ఈ ప్రమాదం పొంచే ఉంటుంది. సెలవు పెట్టుకుని, పిల్లల్ని తీసుకుని అంతదూరం వచ్చినవాళ్లను వెనక్కి పంపడం అమ్మేవాడికీ కొనేవాడికీ కష్టమే. ఆ కష్టం తగ్గాలంటే ఆ మాట రేవు దగ్గర కాక ఇంటి దగ్గరే, బుకింగ్‌కు ముందే చెప్పాలి.

ఇక నది శాశ్వతంగానే మారుతోంది. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. కాఫర్ డ్యామ్ లేచాక ఎగువన నీరు నిలవడం మొదలై, దేవీపట్నం వైపు పల్లెలు ఖాళీ అయ్యాయి, వరదల్లో గండిపోచమ్మ గుడి మునుగుతోంది. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత ఇంత ఎత్తు ఎప్పుడూ లేదు. ఆ వరదలో ఆనకట్ట వెనక నీటి పాత్ర ఎంత అన్నది రెండు రాష్ట్రాల మధ్య ఇంకా తెగని వివాదం. జలాశయం నిండితే విహారానికి లోటుండదని, నీరు ఎప్పుడూ నిండుగా, నిలకడగా ఉంటుందని కొందరి వాదన. అది నిజం కావచ్చు. కానీ అప్పుడు చూసేది జలాశయాన్ని. సుడులూ ఇసుకతిన్నెలూ ఉన్న నది వేరే. పాత సినిమా బొమ్మతో కొత్త జలాశయాన్ని అమ్మితే రాబోయే తరం యాత్రికుల నిరాశకు ఇప్పుడే విత్తనం వేసినట్టు.

అడవి కోసం వచ్చినవాళ్లు

భద్రాచలం దారిని దండకారణ్యం అని ప్రచారం చేస్తారు. ఖమ్మం నుంచి వచ్చేవాళ్లకు ముందు కనబడేవి కొత్తగూడెం బొగ్గు లారీలు, పాల్వంచ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, వరుసలు తీర్చిన జామాయిల్ తోటలు, చివరికి భద్రాచలం ఎదురుగా సారపాక కాగితపు మిల్లు. ఇది అడవి కాదు అని విసుక్కుంటారు. నిజానికి ఈ దృశ్యమే ఈ అడవి నూరేళ్ల చరిత్ర: కలప, వెదురు, బొగ్గు, కాగితం, కరెంటు. పాపికొండలను ఇంగ్లీషువాళ్లు బైసన్ హిల్స్ అన్నారు. మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ అక్కడి కొండరెడ్ల మీద 1945లో పుస్తకం వేశాడు. అందులో పోడు వ్యవసాయంతో పాటు కలప వ్యాపారుల చేతిలో వాళ్ల బతుకు ఎలా చిక్కిందో కూడా ఉంది. ఆ రోజుల్లోనే ఇది ఎవరూ తాకని అడవి కాదు. లోపలికి వెళ్తే టేకు, ఇప్ప, తునికి చెట్ల అడవి ఇప్పటికీ ఉంది. రోడ్డు పక్కన కనిపించే కొన్ని గుడిసెలను ‘గిరిజన గ్రామాలు’ అని ఫొటోలు తీస్తారు. వాటిలో చాలామటుకు 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం హింసకు ఊళ్లొదిలి వచ్చిన గొత్తికోయలవి. వాళ్లను కనువిందుగా చూపడం తప్పు. ఆ సంగతి చెప్పి చూపితే యాత్రికుడు ఆ గుడిసెను చూసే తీరే మారుతుంది.

అభ్యంతరాలు, జవాబులు

ఈ వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం జీవనోపాధి. ఉన్నదున్నట్టు చెబితే ఎవరొస్తారు, పడవల మీద, లాడ్జీల మీద, వెదురు బొమ్మల మీద బతికేవాళ్ల గతేమిటి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. కానీ మన యాత్రా సాహిత్యమే దీనికి జవాబిస్తుంది. 1830-31లో కాశీకి వెళ్లొచ్చిన ఏనుగుల వీరాస్వామి తన ‘కాశీయాత్ర చరిత్ర’లో ఏ మజిలీలో నీళ్లున్నాయో, ఏ ఊళ్లో సరుకులు దొరుకుతాయో, ఏ దారి కష్టమో ఒక్కొక్కటీ రాసుకుంటూ పోయాడు. అది చదివి ఎవరూ కాశీ వెళ్లడం మానలేదు, తయారై వెళ్లారు. మోసపోయానని తిరిగెళ్లినవాడు ఇంకో పదిమందిని ఆపేస్తాడు. ఏ నెలలో రావాలో తెలిసి వచ్చినవాడు మళ్లీ వస్తాడు. శ్రీరామనవమి, ముక్కోటి నాడు ఎటూ కిక్కిరిసే ఊరికి కావాల్సింది, మిగతా నెలల్లో సరైన ఆశతో వచ్చే మనుషులు.

రెండో అభ్యంతరం భక్తుల నుంచి: దేవుడి దగ్గరికి వెళ్లేవాడికి ఆశాభంగం ఏమిటి, దీన్ని పర్యాటకంగా చూడటమే పొరపాటు. ఇందులో నిజం ఉంది. మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన ముసలమ్మ గుడి ఎత్తు కొలవదు. అయితే ఆ ముసలమ్మను కొత్తగూడెంలో దింపి మరో 40 కిలోమీటర్లకు బేరమాడించేది, ఎండలో క్యూలో నిలబెట్టేది భక్తి కాదు. ఆమె కష్టాన్ని భక్తి ఖాతాలో వేయడం ఆమెకు చేసే అపచారం. మూడో అభ్యంతరం వసతుల పక్షానిది: ముందు గదులు కట్టండి, మాటలు తర్వాత. వసతి, వివరం ఒకదానికొకటి అడ్డం కాదు. నేను వద్దనేది మూడోదాన్ని: బొమ్మను నిజం చేయడానికి పోసే సిమెంటును. నీడ, నీళ్లు, మరుగుదొడ్డి, పక్కా రేవు, చదివి చెప్పగల గైడు, ఇవి చోటును మార్చవు. విగ్రహాల తోటలు, రంగుల కుటీరాలు మారుస్తాయి. ప్రజాధనం ఖర్చుపెట్టేవాళ్లు ఈ గీత ఒక్కటి చూసుకున్నా చాలావరకు మేలు జరుగుతుంది.

ఇంకా తేలనివి

తేలాల్సినవి చాలా ఉన్నాయి. ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచుకలపాడు పంచాయతీలను తిరిగి భద్రాచలంలో కలపాలన్న కోరిక 2014 నుంచీ నలుగుతూనే ఉంది. రాముడి భూములు పురుషోత్తపట్నంలో ఉండిపోవడంతో అది పర్యాటకాన్ని దాటిన సమస్య. ఆ రేఖ ఎక్కడ తేలినా, పోచవరం పడవ సంగతి భద్రాచలం లాడ్జీలో సరిగ్గా తెలియాలంటే రెండు ప్రభుత్వాల శాఖలు కలిసి పనిచేయక తప్పదు. భద్రాచలం వంతెన దగ్గర నీటిమట్టం కొలుస్తూనే ఉంటారు. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. వరదల్లో ఆ అంకెలు ఊరూరా పిల్లలకు కూడా నోటికొస్తాయి. ఆ రోజు మట్టం ఎంత, పడవ నడుస్తుందా లేదా అన్న రెండు ముక్కలు రాష్ట్రంతో పనిలేకుండా ప్రతి టికెట్ కౌంటర్ ముందూ రాసిపెట్టడానికి కొత్త పథకం అక్కర్లేదు.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న పోలవరం తర్వాతి పాపికొండలది. మొదటి దశలో 41.15 మీటర్ల వరకు, ఆ తర్వాత పూర్తి మట్టం వరకు నీరు నిలిపితే ఒడ్డు పల్లెలు పునరావాస కాలనీలకు తరలాలి. అడవికీ నదికీ దూరంగా ఉన్న కాలనీలో కొండరెడ్డికి వెదురు ఎక్కడ దొరుకుతుంది, చేసిన పువ్వు కొనడానికి పడవ ఎక్కడ ఆగుతుంది? జలాశయం మీద విహారం మళ్లీ ఏర్పాటైతే ఆ రేవులు, ఆ దుకాణాలు, పడవల్లో పని ఎవరికి దక్కాలి? దీనికి ముంపు గ్రామసభల్లో, పునరావాసం లెక్కలు రాసేటప్పుడే జవాబు చెప్పాలి. కొత్త రేవుల టెండర్లు పిలిచాక అడిగితే ఆలస్యమైపోతుంది.